వేడుక రోజు వేదిక పక్క స్టేషన్ మూసేయడం భద్రతా? చేతులు దులుపుకోవడమా?

ఆఖరి బండి (చర్చ మొదలుపెట్టినవారు)

నగర పాలక సంస్థ నుంచి నా ఫోన్‌కి మొన్న ఒకే రోజు మూడు మెసేజ్‌లు వచ్చాయి. మొదటిది, కుటుంబ సమేతంగా బాణసంచా వేడుకకు తరలి రండి అని. రెండోది, పార్కింగ్ లేదు, సొంత వాహనాలు వద్దు, మెట్రోలో రండి అని. మూడోది, సాయంత్రం 5 నుంచి రాత్రి 11 వరకు వేదిక దగ్గరి స్టేషన్‌లో రైళ్లు ఆగవు అని. మూడూ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇదీ: రండి, మెట్రోలోనే రండి, మెట్రో మాత్రం రాదు.

అంటే ఒక స్టేషన్ ముందే దిగి రెండు కిలోమీటర్లు నడవాలి. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. నా ప్రశ్న ఒకటే. జనం ఎక్కువగా వస్తారని తెలిసిన రోజున రైళ్లు పెంచాలి గానీ స్టేషన్ మూయడమేంటి? వానొచ్చే రోజు చూసి గొడుగు దాచేసినట్టుంది. మూసేసినంత మాత్రాన జనం మాయమైపోరు కదా, రోడ్డు మీద పడతారు. ఏదైనా జరిగితే మా ఆవరణలో జరగలేదని చెప్పుకోవడానికి తప్ప దీనివల్ల లాభమేంటో ఎవరైనా చెప్పండి.

మెట్ల కింద మనిషి

లాభం ప్రాణాలండీ.

పెద్ద పెద్ద సభల దగ్గర జనాన్ని నిలిపే పని కొన్నేళ్లు వాలంటీర్‌గా చేశాను, ఆ అనుభవంతో చెప్తున్నా. 2022 అక్టోబర్ 29 రాత్రి సియోల్ నగరంలోని ఇతెవాన్‌లో 159 మంది చనిపోయారు. హాలోవీన్ అనే వేషాల పండగకి వచ్చిన వాళ్లు, ఎక్కువ మంది ఇరవైల వయసు వాళ్లే. అదో నాలుగు మీటర్ల సందు, ఇరుకైన చోట అంతకన్నా తక్కువ. ఆ సందు కింది కొస మెట్రో స్టేషన్ 1వ ద్వారం దగ్గర తేలుతుంది. జనం నలిగిపోయేలా ఉన్నారని పోలీసులకు మొదటి ఫోన్ సాయంత్రం 6:34కే వెళ్లింది. ఘోరం జరిగింది రాత్రి పది దాటాక. మధ్యలో మూడున్నర గంటల పాటు రైళ్లు ఆ స్టేషన్‌లో ఆగుతూనే ఉన్నాయి, మనుషుల్ని దింపుతూనే ఉన్నాయి. రైళ్లు ఆపకుండా పోనివ్వమని మేం అడిగామని పోలీసులు, సమయానికి అడగలేదని మెట్రో వాళ్లు తర్వాత చాలాకాలం వాదులాడుకున్నారు. ముందే నోటీసులో రాసి ఉంటే ఆ వాదులాటకి చోటే ఉండేది కాదు.

ఇంకో మాట. ఇలాంటివాటిని తొక్కిసలాట అంటాం గానీ ఆ మాటే నాకు నచ్చదు. జనం వెర్రెత్తి ఒకరినొకరు తొక్కుకున్నారన్న అర్థం వస్తుంది. చాలా చోట్ల జరిగేది అది కాదు. చదరపు మీటరుకి ఆరేడుగురు చేరాక మనిషికి తన కాళ్ల మీద అదుపు ఉండదు, గుంపు నీళ్లలా ఊగుతుంది. ఛాతీ కదలక, ఊపిరి అందక, కొందరు నిలబడే పోతారు. వాళ్ల తప్పేం ఉండదు. వెనకనుంచి వచ్చి చేరేవాళ్లకి ముందు ఏం జరుగుతోందో తెలియదు. ఆ వెనకనుంచి వచ్చే ప్రవాహాన్ని ఆపగలిగేది రైలే.

ఆఖరి బండి

ఇతెవాన్ గురించి చదివాను. కానీ అక్కడ వేడుకకి నిర్వాహకులంటూ ఎవరూ లేరు, పోలీసులు చాలినంత మంది లేరు, సందులో రెండు వైపులా రాకపోకలు. అవన్నీ వదిలేసి తప్పంతా రైలు మీద పెడితే ఎలా? బస్సులో వచ్చినా అదే సందులోకి వచ్చేవారు.

మెట్ల కింద మనిషి

బస్సు అరవై మందిని దింపుతుంది. రైలు వెయ్యి మందిని దింపుతుంది, అదీ ఒకే నిమిషంలో, ఒకే గేటు దగ్గర. తేడా అక్కడుంది.

టోకెన్ కిటికీ

నేను ఒక స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఎక్కడని అడగొద్దు. పైన చెప్పిన తేడాని లెక్క వేసి చూపిస్తాను, కాగితం తీసుకోండి.

మూడు నిమిషాలకో రైలు, రైలుకి వెయ్యి మంది దిగుతారనుకుందాం. బయటికి దారి నాలుగు మీటర్ల వెడల్పు మెట్లు. బ్రిటన్‌లో మైదానాల భద్రతకి వాడే లెక్క ప్రకారం మెట్ల మీద మీటరు వెడల్పుకి నిమిషానికి 66 మంది కన్నా ఎక్కువ వెళ్లరు. అంటే నిమిషానికి 264, మూడు నిమిషాల్లో 792. ప్రతి రైలుకీ 208 మంది లోపలే మిగిలిపోతారు. అరగంటలో పది రైళ్లు వస్తే రెండు వేల పైచిలుకు మనుషులు ప్లాట్‌ఫాం మీద ఇరుక్కుంటారు. పదకొండో రైలు తలుపు తెరిచినప్పుడు దిగేవాడికి కాలు పెట్టే చోటుండదు. పక్కనే పట్టాలు.

ఆఖరి బండి గారు రైళ్లు పెంచమంటున్నారు. పెంచితే ఈ లెక్క ఇంకా చెడుతుంది. మెట్లని ఆ ఒక్క రోజుకి వెడల్పు చేయలేం కదా. ఎస్కలేటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పైన జనం కదలకపోయినా అది కింద నుంచి మనుషుల్ని మోసుకొచ్చి పోస్తూనే ఉంటుంది. అందుకే రద్దీ పెరగ్గానే మేం మొదట ఆపేది దాన్నే. జనం మమ్మల్ని తిట్టుకునేవారు.

అలాగని ఆరు గంటలు పూర్తిగా మూసేయడం నాకూ నచ్చదు. తెరవడం, మూయడం అని రెండే ఉన్నట్టు అందరూ వాదిస్తున్నారు. మధ్యలో ఇంకా ఉన్నాయి. లండన్‌లో నాటింగ్ హిల్ కార్నివాల్ జరిగినప్పుడు కొన్ని స్టేషన్లు మూసి ఉంచుతారు, నాటింగ్ హిల్ గేట్‌ని మాత్రం కొన్ని గంటలు దిగడానికి మాత్రమే వాడతారు, అక్కడ ఎక్కనివ్వరు. ఎదురెదురు ప్రవాహాలు ఉండవు. సగం ప్రమాదం అక్కడే పోతుంది.

చక్రాల కుర్చీ

లెక్కలు బాగున్నాయి బాబాయ్. కానీ ఆ లెక్కలో మా నాన్న లేరు.

ఆయన చక్రాల కుర్చీలో ఉంటారు. కిందటిసారి ఇలాగే ముందు స్టేషన్‌లో దిగమన్నారు. దిగాం. లిఫ్ట్ పని చేయట్లేదు. అది వేడుక కోసం ఆపింది కాదు, మామూలుగా చెడిపోయింది. నోటీసులో ఆ ముక్క లేదు. నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తి పైకి చేర్చారు, వాళ్ల పేర్లు కూడా తెలియవు. బయటికొస్తే రెండు కిలోమీటర్లు, సగం దూరం ఫుట్‌పాత్ లేదు. అప్పటికే దారంతా జనం. చదరపు మీటరుకి ఎంతమందో నేను లెక్కపెట్టలేదు గానీ నాన్న చుట్టూ నడుముల ఎత్తులో గోడ కట్టినట్టుంది, ఆయనకి ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. తిరిగొచ్చేశాం. 

స్టేషన్ మూయడం అంటే నడవగలిగిన వాళ్లకి కాస్త ఇబ్బంది. మాకది గేటు మీద రాసిన "మీరు రావద్దు". అదే మాట సూటిగా చెప్పే ధైర్యం ఉండాలి కదా.

ఊరికే చూసేవాడు

అసలు ఎవరినీ రావద్దంటే పోలా. టోక్యోలో షిబుయా వార్డు మేయర్ 2023లో హాలోవీన్‌కి మా దగ్గరికి రాకండి అని ప్రపంచానికంతా బహిరంగంగా చెప్పేశాడు. స్టేషన్ ముందు అందరూ కలుసుకునే హచికో కుక్క విగ్రహాన్ని కూడా కప్పేశారు. టీవీలో చూసుకోండి, హాయిగా.

ఆఖరి బండి

అది వార్డు వాళ్లు పిలవని వేడుక, వద్దనే హక్కుంది. ఇక్కడ పిలుస్తోందే వీళ్లు.

చక్రాల కుర్చీ గారూ, మీరు చెప్పింది చదివాక మా అమ్మ గురించి రాసింది చాలా చిన్న విషయంగా అనిపించింది. 

నోటీసు రాసేవాణ్ణి

ఇలాంటి నోటీసులు రాసే ఉద్యోగమే నాది, వేరే నగరంలో. ఆ మూడు మెసేజ్‌లు చూసి నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే అవి ముగ్గురు వేర్వేరు మనుషులు రాస్తారు. సాంస్కృతిక విభాగం రమ్మంటుంది, ట్రాఫిక్ వాళ్లు కార్లు వద్దంటారు, మెట్రో వాళ్లు రైళ్లు ఆగవంటారు. ముగ్గురూ ఒక గదిలో కూర్చున్న సందర్భం నేను నా సర్వీసులో రెండుసార్లే చూశాను.

నా అభిప్రాయంలో మీరంతా స్టేషన్ గురించి వాదిస్తూ సమాచారం గురించి మర్చిపోతున్నారు. షాంఘైలో 2014 డిసెంబర్ 31 రాత్రి 36 మంది చనిపోయారు. ఎప్పుడూ నదీతీరంలో బండ్ దగ్గర జరిగే కొత్త సంవత్సరం వేడుకని ఆ ఏడాది బండ్ సోర్స్ అనే వేరే చోటికి, చిన్న కార్యక్రమంగా మార్చారు. చైనీస్‌లో ఆ రెండు పేర్లకీ ఒక్క అక్షరమే తేడా. ప్రకటన ముందు రోజు వచ్చింది, అందులో ఈ రెండూ వేర్వేరు చోట్లని విడమర్చి చెప్పలేదు. జనం అలవాటు ప్రకారం పాత చోటికే వెళ్లారు. మెట్ల మీద ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఎదురెదురు పడ్డారు. 

బెంగళూరు, 2025 జూన్ 4. ఐపీఎల్ గెలిచిన బెంగళూరు క్రికెట్ జట్టుకి విజయోత్సవ ఊరేగింపు లేదని పోలీసులు చెప్పారు. మధ్యాహ్నం మూడు దాటాక ఊరేగింపు ఉందని జట్టు ఖాతాలో పోస్టు వచ్చింది. స్టేడియం దగ్గరి మెట్రో స్టేషన్లలో రైళ్లు ఆపకుండా నడపడం కూడా ఆ రోజు జరిగింది, కానీ జనం చేరిపోయాక. 11 మంది పోయారు. మూయడం తప్పా ఒప్పా అని అడిగితే నేను ఎప్పుడు మూశారు, ఎప్పుడు చెప్పారు అని అడుగుతాను.

ఢిల్లీ కూడా అంతే. 2025 ఫిబ్రవరి 15న రైల్వే స్టేషన్‌లో ప్రయాగ్‌రాజ్ ఎక్స్‌ప్రెస్, ప్రయాగ్‌రాజ్ స్పెషల్ అనే రెండు పేర్ల అనౌన్స్‌మెంట్ కలగాపులగమై 18 మంది పోయారు.

మెట్ల కింద మనిషి

చివరిది అంత తేలిగ్గా తేల్చకండి. పేర్ల గందరగోళం అని మొదట వార్తలు వచ్చిన మాట నిజమే. తర్వాత రైల్వే మంత్రి పార్లమెంటుకి ఇచ్చిన జవాబులో మెట్ల మీద ఒక ప్రయాణికుడి తల మీది పెద్ద మూట పడటం వల్ల జరిగిందన్నారు. 

నోటీసు రాసేవాణ్ణి

ఒప్పుకుంటాను. మూట పడటానికి మెట్ల మీద అంతమంది ఎందుకున్నారన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

టోకెన్ కిటికీ

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. అందరూ వేడుకకి వెళ్లడం గురించే మాట్లాడుతున్నారు. నా సర్వీసులో భయపడింది తిరిగొచ్చేటప్పుడే. వచ్చేవాళ్లు మూడు నాలుగు గంటల్లో మెల్లగా వస్తారు. వెళ్లేవాళ్లు ఆఖరి మెరుపు ఆరగానే ఒక్కసారి వెనక్కి తిరుగుతారు.

జపాన్‌లో అకాషి, 2001 జూలై 21. అసాగిరి స్టేషన్‌నీ సముద్ర తీరాన్నీ కలిపే కాలివంతెన. బాణసంచా అయిపోయి స్టేషన్‌కి వెళ్లేవాళ్లు, ఇంకా తీరానికి వస్తున్నవాళ్లు ఆ వంతెన మీద కలిశారు. 11 మంది చనిపోతే వాళ్లలో తొమ్మిది మంది పిల్లలు. బెలారస్ రాజధాని మిన్‌స్క్, 1999 మే 30. ఆరుబయట కచేరీ, ఉన్నట్టుండి వడగళ్ల వాన, జనమంతా నెమిగా మెట్రో స్టేషన్ సొరంగదారిలోకి పరుగెత్తారు. 53 మంది పోయారు. ఆ స్టేషన్ తెరిచే ఉంది చూడండి. 

ఇప్పుడు ఆ మూడో మెసేజ్ మళ్లీ చదవండి. రాత్రి 11 వరకు ఆగవట. వేడుక ఎప్పుడు అయిపోతుంది?

ఆఖరి బండి

పదిన్నరకి.

టోకెన్ కిటికీ

అదీ నా భయం. పదిన్నరకి అయిపోతుంది, పదకొండుకి గేటు తెరుచుకుంటుందని అందరికీ తెలుసు. అరగంట నిలబడితే చాలు కదా అని వేల మంది మూసిన షట్టర్ ముందే నిలబడతారు. రెండు కిలోమీటర్లు ఎవడు నడుస్తాడు? షట్టర్ లేచే క్షణంలో ముందున్న వాడి పరిస్థితి ఊహించుకోండి. మూస్తే రాత్రికి ఇక తెరవకూడదు. లేదా అసలు మూయకుండా, బయటే క్యూలు కట్టించి విడతలుగా వదలాలి. మధ్యలో తెరవడం అన్నిటికన్నా పాడు పని.

మెట్ల కింద మనిషి

ఇది నేను ఆలోచించలేదు. మూయాలనే అంటాను ఇప్పటికీ, కానీ ఆ 11 అన్న అంకె తీసేయాలి.

చక్రాల కుర్చీ

రాత్రికి ఇక తెరవకపోతే మేం ఇంటికి ఎలా వెళ్లాలి? ముందు స్టేషన్ నుంచి వేదిక దాకా ర్యాంప్ ఉన్న బస్సు ఒకటి తిప్పండి. అది లేకుండా మూయడానికి నేను ఒప్పుకోను, ఎన్ని ఊళ్ల పేర్లు చెప్పినా సరే.

మెట్ల కింద మనిషి

ఆ బస్సు జనం మధ్యలోంచి ఎలా వెళ్తుందమ్మా? దానికి వేరే దారి ఖాళీగా ఉంచాలి.

చక్రాల కుర్చీ

అంబులెన్స్‌కి ఎలాగూ ఉంచాలి కదా?

నోటీసు రాసేవాణ్ణి

ఉంచాలి. కాగితం మీద ఎప్పుడూ ఉంటుంది.

ఆఖరి బండి

మూసేయడం తప్పని మొదలుపెట్టాను. ఆ మాట మీద ఇప్పుడు అంత గట్టిగా లేను. కానీ ఈ నోటీసు మాత్రం తప్పే అంటాను. పాలక సంస్థ ఫిర్యాదుల యాప్‌లో ఇప్పుడే నాలుగు ప్రశ్నలు పెట్టాను. పదిన్నరకి, పదకొండుకి మధ్య షట్టర్ దగ్గర ఎవరుంటారు, ముందు స్టేషన్‌లో లిఫ్ట్ పని చేస్తోందా, నడవలేని వాళ్లకి వాహనం ఉందా, ఆ మూడు మెసేజ్‌లు ఒకే మెసేజ్‌గా మళ్లీ పంపుతారా.

ఊరికే చూసేవాడు

జవాబొస్తే ఇక్కడ పెట్టండి. నవ్వుకుంటాం.

ఆఖరి బండి (రెండు రోజుల తర్వాత)

వచ్చింది. ఫిర్యాదు పరిష్కారమైందట, అందరూ కుటుంబ సమేతంగా తరలి రావాలట. లిఫ్ట్ సంగతి మాత్రం నేనే వెళ్లి చూసొచ్చాను. పని చేస్తోంది, ఇవాళ్టికి.