‘గాలించు’లో ఉన్నది గాలా, గాలమా? మురుగు కాలువలో కాణీ, శ్రీనాథుడి టంకాలు

జగన్నాథపురం వంతెన:
కాకినాడలో మా వీధి మురుగు కాలువకు పూడిక తీసి, ఆ మట్టిని గట్టునే పోశారు. ఒక పెద్దాయన ఇనుప బాండీలో కొంచెం కొంచెంగా మట్టి వేసుకుని, నీళ్లు పోసి, బాండీని ఓరగా పట్టి తిప్పుతూ బురదనీటిని అంచు మీదుగా వదులుతున్నాడు. అడుగున మిగిలిన ఇసుకలో సీసా మూతలు, దిద్దు శీల ఒకటి, నడుమ బెజ్జం ఉన్న కాణీ ఒకటి బయటపడ్డాయి. కాణీ అంచు అరిగిపోయి ఏడాది కనబడలేదు కానీ కిరీటం బొమ్మ తెలుస్తోంది. యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం 1943 నుంచి 1947 దాకా వేసిన కంచు కాణీల్లో ఒకటి అయి ఉంటుంది. పక్కింటి మాస్టారు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, ‘...టంకాల తీర్థమాడించితి’ అని సగం పాదం చదివి లోపలికి వెళ్లిపోయారు. ఆ పాదం మొదలు నాలుక చివరే ఉండి రావడం లేదు.

అసలు సందేహం ఇంకొకటి. ఏం చేస్తున్నావని అడిగితే ఆ పెద్దాయన ‘గాలిస్తున్నానండి’ అన్నాడు. పత్రికల్లో పోలీసులు గాలిస్తారు, గజ ఈతగాళ్లు గాలిస్తారు. ఈ మాటలో ఉన్నది గాలా, గాలమా, మరొకటా?

తణుకు పద్యం:
‘దీనార టంకాల తీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల’. శ్రీనాథుడి చాటువు, టంకాలంటే నాణేలు. ఇక గాలించు సంస్కృతమే. గాలనం అంటే వడకట్టడం. పాలనం నుంచి పాలించు, లాలనం నుంచి లాలించు, గాలనం నుంచి గాలించు. ఇందులో చర్చకు తావు లేదు.

రాజమండ్రి గట్టు:
తావు చాలా ఉంది. పుష్కర ఘాట్‌కు వచ్చి చూడండి. భక్తులు గోదావరిలో వేసిన చిల్లర కోసం కుర్రాళ్లు అయస్కాంతాన్ని తాడుకు కట్టి నీళ్లలోకి విసురుతారు. అడుగున మెల్లగా ఈడ్చుకుంటూ వస్తారు. స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి బిళ్లలు దానికి అతుక్కుని పైకి వస్తాయి. తాడు, బరువు, విసరడం, లాగడం అన్నీ గాలానివే. పోగొట్టుకున్నదాన్ని నీళ్లలో వెతకడానికి మనవాళ్లు గాలం నుంచి మాట చేసుకున్నారంటే అందులో వింత ఏముంది?

పాలకొల్లు వంటిల్లు:
గాలం వేస్తాం కానీ చేపను గాలించం. ‘కొరమీనును గాలించాను’ అని గోదావరి జిల్లాల్లో ఎవరి నోటా వినలేదు. గాలించడం వంటింటి మాట. బియ్యంలో నిండా నీళ్లు పోసి గిన్నెను ఒక పక్కకు వంచి కుదుపుతూ ఉంటే బియ్యం నీటితో పాటు రెండో గిన్నెలోకి జారుతుంది, మట్టిబెడ్డలు, రాళ్లు అడుగున నిలిచిపోతాయి. చివరి గుక్కెడు నీళ్లలో నాలుగు గింజలూ రాళ్లూ కలిసి ఉన్నప్పుడు గిన్నెను ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. కాకినాడ పెద్దాయన బాండీతో చేసింది అచ్చంగా ఇదే. మనం రాళ్లు వదిలి బియ్యం తీసుకుంటాం, ఆయన బురద వదిలి అడుగున ఉన్నది తీసుకుంటాడు. బరువైనది అడుగున నిలవడమే ఈ పనికి ప్రాణం. అయస్కాంతం సంగతికి వస్తే, దానికి కంచు కాణీ అంటుకోదు, రాగి నికెల్ కలిపి చేసిన పాత ఐదు రూపాయల బిళ్లా అంటుకోదు. బాండీకి అన్నీ దొరుకుతాయి.

అమలాపురం కొబ్బరాకు:
గాలిని అప్పుడే పక్కన పెట్టేశారేం? చేటతో చెరిగినా, కళ్లంలో తూర్పారబట్టినా గాలే కదా పొల్లును వేరు చేసేది. ముందు గాలితో చేసిన పనికి మాట పుట్టి, తరవాత నీళ్లతో చేసే పనికి పాకి ఉండవచ్చు.

పాలకొల్లు వంటిల్లు:
చెరగడానికి చెరగడం ఉంది, తూర్పారబట్టడానికి తూర్పారబట్టడం ఉంది, జల్లించడానికి జల్లించడం ఉంది. నాలుగు పనులకు నాలుగు మాటలు పెట్టుకున్న ఆడవాళ్లు గాలితో చేసే పని పేరు తెచ్చి నీళ్ల పనికి పెట్టరు.

నరసాపురం మాస్టారు:
తణుకు వారి గాలనం దగ్గర ఒక్క అక్షరం నాకు అడ్డం పడుతోంది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు దంచి ‘వస్త్రగాళితం’ పట్టమంటారు ఆయుర్వేదంలో. అక్కడ ళ. సంస్కృతంలో ప్రలయం మనకు ప్రళయం అయింది, మంగలం మంగళం అయింది, నారికేలం నారికేళం అయింది. గాలితం కూడా ఆ దారినే గాళితం అయింది. అలాంటప్పుడు అదే ధాతువు నుంచి వచ్చిన క్రియ గాళించు కావాలి కదా? ఏ ఇంట్లోనూ ‘బియ్యం గాళించు’ అనరు. ఆ ళ లేకపోవడమే ఇది తెలుగు మాట అనడానికి నిదర్శనమని నా నమ్మకం.

తణుకు పద్యం:
మాస్టారూ, పాలించులో ళ వచ్చిందా? లాలించులో వచ్చిందా? అక్షరం మారాలని నియమం లేదు. వస్త్రగాళితం వైద్యుల నోట వచ్చింది, గాలించు వంటింటి నోట వచ్చింది. ఒకే ఊరి నుంచి రెండు దారుల్లో వచ్చిన మాటలు.

నరసాపురం మాస్టారు:
వంటింటి నోట అరిగిన మాటలోనే అక్షరం ఎక్కువ మారుతుంది. పుస్తకం మాట చెక్కు చెదరదు. ఇక్కడ తలకిందులైంది. పుస్తకం మాటలో ళ, వంటింటి మాటలో ల. మీ రెండు దారుల వాదం దీనికి జవాబు చెప్పదు.

అమలాపురం కొబ్బరాకు:
ళ కావాలంటే క్షాళనం ఉంది. ప్రక్షాళన, క్షాళించు. అర్థం కడగడం. బియ్యం కడగడానికి ఇంతకన్నా దగ్గరి మాట ఏది?

తణుకు పద్యం:
క్ష ఎక్కడ, గ ఎక్కడ? క్షారం కారం అయింది, గారం కాలేదు.

భీమవరం కాలవగట్టు:
మురుగు కాలువల్లో నాణేల వేట ప్రస్తావన వచ్చింది కాబట్టి లండన్ సంగతి చెప్పాలి. 19వ శతాబ్దంలో అక్కడి భూగర్భ మురుగు సొరంగాల్లోకి దిగి, పోయిన డబ్బు, రాగి, ఇనుము వెతుక్కుని బతికిన మనుషులు ఉండేవారు. వాళ్లను టోషర్లు అనేవారు. హెన్రీ మేహ్యూ అనే పాత్రికేయుడు వాళ్లతో మాట్లాడి 1851 నాటికే వివరంగా రాశాడు. పెద్ద పెద్ద జేబులున్న పొడవాటి కోటు, ఛాతీకి కట్టుకున్న లాంతరు, చివర ఇనుప పార బిగించిన పొడవైన కర్ర. బురద కెలకడానికీ అదే, ఊబిలో దిగబడితే ఎక్కడో ఒకచోట తగిలించుకుని పైకి రావడానికీ అదే. ఇటుకల మధ్య సున్నం రాలిన సందుల్లో నాణేలు ఇరుక్కుని ఉండేవట. సొరంగాల మూతులు థేమ్స్ నదిలోకి తెరుచుకుంటాయి. పాటు వేళ లోపలికి వెళ్లి, పోటు రాకముందే బయటపడాలి. నరసాపురం, కాకినాడ వాళ్లకు పోటు పాట్ల గురించి నేను చెప్పనక్కర్లేదు. అనుమతి లేకుండా దిగడం నేరం కూడా, అందుకని దొంగచాటుగా, గుంపుగా వెళ్లేవారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన డెల్టాలో డ్రెయిన్ అంటే యనమదుర్రు లాంటిది, పొలాల ముంపునీరు పోయేది. ఊరి మురుగుకు కాలువ అంటాం. సొరంగంలోని మురుగుకు ‘భూగర్భ డ్రైనేజీ’ తప్ప జనం నోట నలిగిన మాట నాకు తట్టడం లేదు. టోషరును తెలుగులో ఏమనాలి? గాలింపరి అనవచ్చా?

ఏలూరు తూము:
ఏమన్నా అనండి కానీ మూత తీసి లోపలికి దిగే పనిని సాహసంగా చెప్పుకోవద్దని నా మనవి. లోపల హైడ్రోజన్ సల్ఫైడు పేరుకుని ఉంటుంది. మోతాదు పెరిగితే ముందు ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది, ఆ తరవాత మనిషి కుప్పకూలుతాడు. కాపాడబోయి దిగిన రెండోవాడూ అలాగే పోతాడు. 2013 చట్టం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దించడాన్ని నిషేధించింది. అయినా ప్రతి ఏడూ వార్తలు చదువుతూనే ఉన్నాం. గట్టు మీద బాండీతో గాలించడం వేరు, లోపలికి దిగడం వేరు.

రాజమండ్రి గట్టు:
ఏలూరు వారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గాలింపరి బాగుంది. ఇక శ్రీనాథుడి దగ్గరికి రండి. ప్రౌఢదేవరాయల సభలో టంకాలతో స్నానం జరిగిందని అందరం చదువుకున్నాం. ‘ఆడించితి’ అంటున్నాడు. నేను ఆడించాననా, నువ్వు ఆడించావనా? ప్రాచీన భాషలో ఆడించితినికీ ఆడించితివికీ రెండింటికీ ఆడించితి చెల్లుతుంది.

తణుకు పద్యం:
గీతపద్యం వదిలేసి సీసం ఒక్కటే చదివితే వచ్చే సందేహం ఇది. ‘ఎటుల మెప్పించెదో నన్ను నింకమీద’ అని మొదలై ‘శారదాంబ’ అనే పిలుపుతో ముగుస్తుంది. రాచకొండ సింగభూపాలుడి కొలువుకు వెళ్లబోతూ సరస్వతితో చెప్పుకున్న మాట. అమ్మా, నువ్వు నన్ను టంకాలతో తీర్థమాడించావు, వాదంలో ఓడిన గౌడడిండిమభట్టు కంచుఢక్క పగులగొట్టించావు, సార్వభౌమ బిరుదు పాదుకొల్పావు, ఇప్పుడెలా మెప్పిస్తావో. అన్నీ మధ్యమ పురుషే.

రాజమండ్రి గట్టు:
సీసంలో తన గొంతు, గీతంలో అమ్మకు మొర. అలా విడదీసి చదవడానికి అడ్డేమిటి? ‘పగులగొట్టించి తుద్భట వివాద ప్రౌఢి’ అన్న చోట ఛాతీ విరుచుకున్న మనిషి కనబడతాడు. మన రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో కూర్చుని వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చిన కవి, దాక్షారామ భీమేశ్వరుడి మీద పురాణం రాసిన కవి, ‘నేను’ అనడానికి జంకుతాడా?

నరసాపురం మాస్టారు:
జంకడు. అయితే అదే సీసంలోని ‘పలుకు దోడైతి’ని ఏం చేస్తారు? నైషధం తెలిగించేటప్పుడు పలుకుకు తోడుగా నిలిచింది శారద. తన పలుకుకు తానే తోడయ్యానని ఏ కవీ అనడు.

రాజమండ్రి గట్టు:
తన పలుకుకు కాదు మాస్టారూ, శ్రీహర్షుడి పలుకుకు. సంస్కృత నైషధానికి తెలుగు గొంతు తోడైంది ఎవరిది?

పాలకొల్లు వంటిల్లు:
ఇదే టంకం శ్రీనాథుడి చివరి రోజుల బొడ్డుపల్లి పద్యంలోనూ ఉంది. కౌలుకు తీసుకున్న పొలాన్ని కృష్ణవేణమ్మ ముంచేసింది, మిగిలిన పంటను పిట్టలు తినిపోయాయి. ‘నెట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు’. ఆ పాదం దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పూడుకుపోతుంది. టంకాలతో స్నానం చేసిన ఒంటినే ఏడు నూర్ల టంకాల బాకీకి ఎండలో నిలబెట్టారు. మొదటి పద్యంలో ‘నేను’ అని ఉంటే ఈ రెండో పద్యం అంత బాధ పెట్టదు. అమ్మ ఇచ్చింది, అమ్మ తీసుకుంది అనుకుంటేనే రెండూ ఒకదానికొకటి అందుతాయి. నా ఓటు ‘నువ్వు’కే.

తణుకు పద్యం:
చక్కగా చెప్పారమ్మా.

రాజమండ్రి గట్టు:
బాధ వ్యాకరణం కాదు. ‘పాదుకొల్పితి’ తీసుకోండి. చంద్రభూష క్రియాశక్తి రాయల దగ్గర బిరుదు పాదుకొల్పింది శారద అయితే, ఎవరి బిరుదో చెప్పే ‘నాకు’ అన్న మాట సీసంలో ఎక్కడైనా ఉండాలి కదా. లేదు. కర్త తానే అయితే దాని అవసరమే రాదు.

నరసాపురం మాస్టారు:
గీతంలో ‘నన్ను’ ఉంది. అది సీసం నాలుగు పాదాలకూ వెనక్కి వర్తిస్తుంది. ఇలా చివరి పదం మొదటి క్రియను పట్టుకునే అన్వయం శ్రీనాథుడికి కొత్త కాదు. రాత్రికి హరవిలాసం, కాశీఖండం అవతారికలు తీసి పెడతాను, ‘తి’తో ఆగిన మధ్యమ పురుష క్రియలు ఎన్ని ఉన్నాయో పద్యాలతో సహా రాస్తాను. అప్పుడు మాట్లాడదాం.