నుమాయిష్‌కి అత్తమ్మని, పిల్లల్ని తీసుకొస్తున్నం, ఎట్ల ప్లాన్ చేసుకోవాలె?

మానేరు_గట్టు:
అందరికీ నమస్తే. ఈసారి సంక్రాంతి సెలవులల్ల హైదరాబాద్ నాంపల్లిల ఏటా పెట్టే నుమాయిష్ (ఎగ్జిబిషన్) చూద్దామనుకుంటున్నం, కరీంనగర్ నుంచి మేమిద్దరం, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు, కానీ అందరికన్నా ఎక్కువ ఆశ ఆమెకే, పెళ్లయిన కొత్తల మామయ్యతోని వచ్చిందట, అప్పుడు కొన్న పింగాణీ జాడీలనే ఇప్పటికీ మామిడికాయ తొక్కు పెడ్తది, అసొంటిదే ఇంకోటి కొనాలని ఒకటే పట్టు. నాకైతే ఆ జనం ఫొటోలు చూస్తేనే భయమైతుంది, మా చిన్నదానికి నాలుగేండ్లు, చెయ్యి విడిపించుకొని ఉరుకుతది. ఏ రోజు వస్తే మంచిది? కారు తెచ్చుకోవాల్నా బస్సుల రావాల్నా?

నాంపల్లి_అన్న:
చెల్లె, పండుగ సెలవులు, శని ఆదివారాలు మాత్రం వద్దే వద్దు, నిలవడానికి జాగ ఉండదు. ఎట్లాగూ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటది కదా, సెలవులైనంక ఏదన్నా మంగళవారమో బుధవారమో రండి. సాయంత్రం 4 గంటలకి గేట్లు తెరవంగనే లోపలికి పోతే అత్తమ్మ నిమ్మళంగ నడవొచ్చు, ఏడు దాటిందంటే ఆఫీసులు వదిలినోళ్లంతా వచ్చేస్తరు. కారు తేకండి, పార్కింగ్ కోసం తిరిగే టైంల సగం స్టాళ్లు చూడొచ్చు. బస్సు జేబీఎస్‌ల (జూబ్లీ బస్టాండు) దిగి అక్కడే మెట్రో ఎక్కండి, ఎంజీబీఎస్‌ల (మహాత్మాగాంధీ బస్టాండు) దిగి మియాపూర్ దిక్కు పోయేదానికి మారితే రెండో స్టేషనే గాంధీభవన్, గేటు దగ్గర్లనే. స్టేషన్లల్ల లిఫ్టులు ఉంటయి, అత్తమ్మకి మెట్లెక్కే బాధ లేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి:
మానేరు గారూ, పాపకి ముదురు రంగు గౌను వేసి, బయల్దేరే ముందు ఒక ఫొటో తీసి పెట్టుకోండి. చేతి మీద మీ నంబర్ బాల్‌పెన్నుతో రాయండి, చెమటకి పోకుండా దాని మీద పారదర్శకమైన టేపు అంటించండి. జనం ఎక్కువైతే ఫోన్లు సరిగ్గా కలవవు, కాబట్టి లోపలికి వెళ్లగానే తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి అనుకోండి, పెద్దబాబుకి ఆ చోటు చూపించండి, చెప్పి ఊరుకుంటే గుర్తుండదు. పిల్లలు తప్పిపోతే మైకులో చెప్తారు, కంట్రోల్ రూం ఎక్కడుందో గేటు దగ్గరే అడగండి. ముందు టాయ్ ట్రైన్ ఎక్కించేయండి, అదయ్యాక పిల్లలు కాస్త కుదురుగా ఉంటారు, అత్తమ్మగారికీ కూర్చున్నట్టు ఉంటుంది.

పాతబస్తీ_మాస్టారు:
అమ్మా, మీ అత్తగారిని తప్పకుండా తీసుకురండి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ ఇది, 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది, తరాల తరబడి కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. వచ్చే ఆదాయంతో దీన్ని నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది, అందుకే టికెట్ కొన్నప్పుడు నాకు సంతోషంగా ఉంటుంది.

జాడీ కావాలంటే ఖుర్జా పింగాణీ (ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా ఊళ్లో చేసేది) అని అడిగి చూడండి. ఎత్తి పట్టుకుని వేలి కణుపుతో కొట్టి వినండి, ఖంగున మోగితే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉందన్నమాట. మూత గట్టిగా కూర్చుంటుందో లేదో తిప్పి చూడండి. మొదటి దుకాణంలోనే కొనేయకుండా నాలుగు చోట్ల అడగండి, బేరం మాత్రం మీ అత్తగారే చెయ్యాలి! బరువైనవి చివర్లో కొనండి, కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్ ఎంబ్రాయిడరీ కుర్తాలు ముందు చూసుకోవచ్చు. ఇంకో మాట, 2019 జనవరి 30 రాత్రి అగ్నిప్రమాదంలో చాలా దుకాణాలు కాలిపోయాయి, కనుక ఎటువైపు తిరుగుతున్నా బయటికి దారి ఎటుందో ఒక కన్నేసి ఉంచండి.

మానేరు_గట్టు:
చాలా థ్యాంక్సండి అందరికీ. పిల్లగానికి ఒకరోజు బడి మాన్పించి బుధవారం వస్తం, అత్తమ్మకి చదివి వినిపిస్తే ఇప్పుడే శాలువా రంగు గూడ చెప్తుంది. రాత్రి తొమ్మిదింటికి బయల్దేరితే మెట్రో దొరుకుతదా?

నాంపల్లి_అన్న:
దొరుకుతది చెల్లె, కానీ ఆ టైంకి గాంధీభవన్‌ల టికెట్ క్యూ చాలా పెద్దగుంటది, తిరుగు టికెట్ గూడ వచ్చేటప్పుడే ఫోన్ల తీసి పెట్టుకోండి.