1965 స్ట్రాటోకాస్టర్: ఏం మార్చొచ్చు, ఏది ముట్టుకోకూడదు?

ఆరుతీగలు:
నా దగ్గర 1965 ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటారు ఉంది, సన్‌బర్స్ట్ రంగు, రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు (మెడ మీద వేళ్లు నొక్కే చెక్క). పార్టులన్నీ ఒరిజినల్. మొదటి ఐదు ఫ్రెట్లు (ఆ చెక్క మీది అడ్డ లోహపు కమ్ములు) తీగల కింద గుంటలు పడ్డాయి. వాల్యూమ్ తిప్పితే గరగర. ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) బిగుసుకున్నాయి. పికప్‌లను (తీగల కదలికను పట్టే అయస్కాంత చుట్టలు) ఎంచే మూడు స్థానాల స్విచ్ తీసేసి ఐదు స్థానాలది పెట్టాలని ఉంది. వాయించుకోవాలి, రేపు అమ్మితే రేటూ పడకూడదు. ఎంతవరకు పోవచ్చు?

సోల్డర్‌పొగ:
స్విచ్ జోలికి పోకండి. ఐదు స్థానాలది ఫెండర్ పెట్టడం మొదలెట్టిందే 1977లో. ఇప్పుడు మారిస్తే పికప్ వైర్లన్నీ ఊడదీయాలి. కొనేవాళ్లు పిక్‌గార్డ్ (ముందువైపు ప్లాస్టిక్ పలక) ఎత్తగానే చూసేది ఆ పాత సోల్డరే. రెండు పికప్‌లు కలిసి పలికే మధ్య శబ్దాలు కావాలా? పాత స్విచ్‌నే రెండు స్థానాల నడుమ ఆపండి, అప్పట్లో అందరూ చేసిందదే.

గరగరకీ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద తిరిగే భాగం) మార్చక్కర్లేదు. టెర్మినళ్ల దగ్గరి సందులో కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ముప్ఫైసార్లు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. పాట్ వెనక 304 6520 లాంటి అంకెలుంటాయి: 304 అంటే స్టాక్‌పోల్ తయారీ, 65 ఏడాది, 20 వారం. పాట్ పారేస్తే గిటారు వయసుకున్న ఒక సాక్ష్యం పోతుంది.

మరీ వేదికల మీద వాడేదైతే, వైరింగ్ చేసిన వేరే పిక్‌గార్డ్ కొనండి. ఒరిజినల్ది బయటికి రావడానికి ఊడదీయాల్సినవి మూడే: జాక్ వైర్లు రెండు, ట్రెమొలో (స్వరం ఊపే మీట) స్ప్రింగుల ఎర్త్ వైరు ఒకటి.

గుంటఫ్రెట్:
ఫ్రెట్లు అరిగేవే కాబట్టి వాటిని మారిస్తే వాయించేవాళ్లు పట్టించుకోరు. ఏదీ ముట్టని గిటారే కావాలనే కలెక్టర్ మాత్రం బేరమాడతాడు. ముందు లెవెల్ చేసి (ఫ్రెట్లు అరగదీసి ఎత్తు సమం చేసి) చూడమనండి. ఎత్తు చాలకపోతేనే మార్పు.

ఒక్కటి మరవద్దు: ఆ కాలం ఫెండర్ ఫ్రెట్లు పక్కనుంచి తోసినవి. మామూలుగా పైకి లాగితే రోజ్‌వుడ్ పెచ్చులు లేస్తాయి. సాల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి పక్కకే తట్టి తీయాలి. పైగా ఆ బోర్డు పలచటి పొర, గీకి చదును చేస్తే మళ్లీ రాదు. ఈ సంగతి తెలియని మెకానిక్‌కి ఇవ్వకండి.

ట్యూనర్లు క్లూసన్ కంపెనీవే అయితే డబ్బా మీది చిన్న రంధ్రంలో చుక్క నూనె చాలు. కొత్తవాటి కోసం హెడ్‌స్టాక్ (మెడ చివరి తల) రంధ్రాలు పెద్దవి చేశారంటే, పూడ్చినా ఆ జాడ పోదు.

ఆరుతీగలు:
అంచుల్లో రంగు లేచింది. టచప్ చేయిస్తే?

సోల్డర్‌పొగ:
వద్దండీ. మొత్తం రంగేస్తే ధర దాదాపు సగానికి పడిపోతుంది. చిన్న టచప్ కూడా నల్లకాంతి (అల్ట్రావయొలెట్ దీపం) కింద వేరేగా మెరుస్తుంది. విప్పిన ప్రతి స్క్రూనీ చీటీ రాసి కవర్లో వేసి కేసులోనే ఉంచండి.

గుంటఫ్రెట్:
ఇండియా తెచ్చే ఉద్దేశముంటే, బోర్డు బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అవునో కాదో ముందే తేల్చుకోండి. 1992 నుంచి అది సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటించకూడదు.