అపార్ట్‌మెంట్లలో భోగి మంట: ఉంచాలా, ఆపాలా?

మియాపూర్ వాసి:
ఈసారి మా అపార్ట్‌మెంట్ ఆవరణలో భోగి మంట వద్దని అసోసియేషన్ తీర్మానం చేసింది. పొగ వల్ల కొందరికి ఇబ్బందట. మంట లేని భోగి ఏం భోగి? మీరేమంటారు?

బాబు వాళ్లమ్మ:
తీర్మానం సరైనదే. జనవరి తెల్లవారుజామున చల్లగాలి నేలను అంటుకుని ఉంటుంది, దాని పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోయే దారి ఉండదు. 2018 భోగినాడు చెన్నైలో పొగ, మంచు కలిసి కొన్ని విమానాలను వేరే ఊళ్లకు మళ్లించాల్సి వచ్చింది. మా బాబుకు ఉబ్బసం. కిటికీలన్నీ మూసినా ఆ రోజు నెబ్యులైజర్ తప్పదు.

కోనసీమ పిల్ల:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ చెన్నైలో టైర్లు, ప్లాస్టిక్ కూడా తగలబెడతారు. మా ఊళ్లో ధనుర్మాసం గొబ్బెమ్మల్ని పిడకలు చేసి, ఎండబెట్టి, పిల్లల చేత దండ గుచ్చించి మంటలో వేయిస్తాం. మిగతాదంతా ఎండిన మొద్దులు, తాటాకులే. పచ్చి కట్టె వేస్తే వేడంతా అందులోని నీరు ఆవిరవడానికే పోతుంది, సరిగా కాలనిదంతా పొగై కళ్లలోకి వస్తుంది. టైర్లో గంధకం, పీవీసీ పైపులో క్లోరిన్ ఉంటాయి. అవి కాలితే వచ్చేది విషమే. పాతవన్నీ భోగి మంటలో వేయాలన్న మాట పుట్టినప్పుడు ఇంట్లో పాతవంటే విరిగిన చెక్క, చిరిగిన చాప, అరిగిన చీపురు. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి పడేస్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

కెమిస్ట్రీ మాస్టారు:
పిడకలు, నెయ్యి కాలిస్తే ఆక్సిజన్ పుడుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. పుట్టదండీ. ఏ మంటైనా ఆక్సిజన్‌ను వాడుకునేదే. పిడక పొగలోనూ ఊపిరితిత్తుల లోపలికి దిగే పీఎం 2.5 కణాలు ఉంటాయి, బాగానే ఉంటాయి. సంప్రదాయం కోసం వేస్తున్నామంటే నేనూ వచ్చి నిలబడతాను. ఆరోగ్యం కోసమని మాత్రం పిల్లలకు చెప్పకండి. ఇక చెత్త సంగతంటారా, బహిరంగంగా కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది.

బాబు వాళ్లమ్మ:
అయితే బ్లాకుకొకటి వద్దు. కాలనీ మైదానంలో అందరికీ కలిపి ఒకటే, చిన్నది, అరగంట. టైరు తెచ్చినవాళ్లను వెనక్కి పంపేదెవరో ముందు తేల్చండి.

మియాపూర్ వాసి:
ఆ పని నాది. మైదానానికీ సరే. అరగంటకు మాత్రం ఒప్పుకోను. మా నాన్నమ్మ ఆ మంట మీదే తలంటు నీళ్లు కాస్తుంది, కాగు నిండా నీళ్లు అరగంటలో కాగవు. గంటైనా ఇవ్వండి.