‘రుచుల జాడ వేరు’: ఇక్కడ జాడ అంటే గుర్తా, తీరా?

సూక్ష్మదర్శిని: వేమన ‘ఉప్పు కప్పురంబు’ పద్యంలో రెండో పాదం ‘చూడ చూడ రుచుల తీరు వేరయా’ అని నాలుక మీద ఆడుతోంది, కానీ ఎక్కడో తేడాగా ఉంది. రోగనిరోధక వ్యవస్థలోని టి కణాల గ్రాహకాల (పరాయి ముక్కలను పట్టే ప్రోటీన్ల) జన్యుక్రమాన్ని చదవడం గురించి డిగ్రీ విద్యార్థులకు వ్యాసం రాస్తున్నాను. సూక్ష్మదర్శిని కింద ఆ కణాలన్నీ ఒకే పోలిక: గుండ్రంగా, లోపల దాదాపు అంతా కేంద్రకమే. ఏది ఫ్లూ వైరస్ ముక్కను పడుతుందో, ఏది సైటోమెగలో వైరస్‌ను పడుతుందో కంటికి తెలియదు. ఆ పాదమే శీర్షికగా పెడదామని ఉంది. సరైన పాఠం చెప్పండి.

ఆటవెలది: ‘వేరయా’ మూడో పాదం నుంచి జారి వచ్చింది. ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే కావాలి. ‘వేరయా’ రగణం, అంటే ఇంద్రగణం, అక్కడ ఇమడదు. ‘తీరు’ అసలే కుదరదు. చూకారానికీ తీకారానికీ యతిమైత్రి లేదు. జాకారానికీ లేదు, కానీ చూడ–జాడ ప్రాసయతి (రెండో అక్షరం ‘డ’ కలవడం) ఉంది, పాదం దాని మీదే నిలబడింది. కాబట్టి ‘చూడ చూడ రుచుల జాడ వేరు’.

పాత పంతులు: ‘చూడఁ జూడ’ అనండి. ‘చూడన్’ ద్రుతాంతం, తర్వాతి పరుషం ‘చ’ సరళం ‘జ’ కావాలి.

ఆటవెలది: మాస్టారూ, అంత పట్టింపు ఉంటే ‘ఉప్పు గప్పురంబు’ అని కూడా అనాలి కదా! ద్వంద్వంలో కచటతపలకు గసడదవలు వస్తాయి. నోటి నుంచి నోటికి నడిచిన పద్యాలివి. 1829లో బ్రౌన్ అచ్చు వేయించక ముందు ఎన్ని నోళ్లలో ఎన్ని రూపాలు తిరిగాయో!

పాత పంతులు: అది ద్వంద్వం కాదు. ‘కప్పురంబును’ అని సముచ్చయం ఉంది, విడి పదాలు. నోటి పద్యమైతే వ్యాకరణం అక్కర్లేదనడం వేమనకు అన్యాయం. ప్రాసయతిని అంత అలవోకగా వేసినవాడికి ద్రుతం తెలియదా?

మొల్లపూలు: నన్ను పీడిస్తున్నది అర్థం. బడిలో ‘రుచుల జాడ’ అంటే రుచుల తీరు అని చెప్పారు. నాకు మాత్రం అడుగుజాడలోని జాడే వినిపిస్తుంది. ‘జాడ తీయడం’, ‘జాడ తెలియకపోవడం’ మన వాడుకే కదా?

పాత పంతులు: అమ్మా, జాడకు విధం అన్న అర్థమూ నిఘంటువుల్లో ఉంది. ఇక్కడ పొసగేది అదే. ఉప్పు రుచి ఒక విధం, కర్పూరం రుచి ఇంకొక విధం.

సూక్ష్మదర్శిని: మొల్లపూలు గారి అర్థమే నిలిస్తే నా వ్యాసానికి ప్రాణం వస్తుంది. 1976లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సుసుము టోనెగావా బృందం ప్రతిరక్షకాల (యాంటీబాడీల) జన్యువు ముక్కలు పిండదశలో దూరంగా ఉండి, వాటిని తయారుచేసే బి కణంలో జరిగి దగ్గరవుతాయని చూపింది. ఆయనకు 1987లో నోబెల్ వచ్చింది. టి కణంలోనూ అదే పద్ధతి. దాని గ్రాహకం ఆల్ఫా, బీటా అనే రెండు గొలుసుల జత. మనిషి బీటా గొలుసు జన్యువులో వి, డి, జె అనే మూడు రకాల ముక్కలు: డి ముక్కలు రెండు, పనిచేసే జె ముక్కలు 13, వి ముక్కలు 40కి పైన. వాటిలో ఒక్కొక్కటి ఎంచి అతికేటప్పుడు కొన్ని డీఎన్‌ఏ అక్షరాలు రాలిపోతాయి, టీడీటీ అనే ఎంజైమ్ మూస లేకుండానే కొన్ని చేరుస్తుంది. ఆ అతుకు పడే చోటే సీడీఆర్3, గ్రాహకంలో వైరస్ ముక్కను తాకే భాగం. ఒకసారి పడిన అతుకు ఆ కణం సంతతి అంతటికీ సంక్రమిస్తుంది. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) చికిత్స తర్వాత మిగిలిపోయిన కణాలను ఇలాంటి అతుకుల వరుసను పట్టుకునే వెదుకుతారు. అమెరికాలో మందులను, పరీక్షలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2018లో అలాంటి పరీక్షకు అనుమతి ఇచ్చింది. ఇది జాడ తీయడం కాక మరేమిటి?

ప్రయోగశాల బల్ల: జాడ సరే, ‘రుచుల’ జాడ అనకండి. మా రంగంలో అతిగా చెప్పేది ఇక్కడే. వరుస చదివినంత మాత్రాన ఆ గ్రాహకం దేన్ని పడుతుందో సాధారణంగా చెప్పలేం. పట్టేది ఆల్ఫా, బీటా గొలుసులు రెండూ కలిసి. రక్తంలోని కణాలన్నిటినీ కలిపి చదివితే ఏ ఆల్ఫాకు ఏ బీటా జతో తెలియకుండా పోతుంది. ఒక్కో కణాన్ని విడిగా చదివితే జత దక్కుతుంది, కానీ అన్ని లక్షల కణాలను చదవలేం. 2017లో 666 మంది రక్తం చదివి, సైటోమెగలో వైరస్ సోకినవారిలోనే ఎక్కువగా కనిపించే బీటా వరుసలను ఏరారు. అదీ గణాంకాల మీద తేల్చిన సంబంధం. ఒక్కో గ్రాహకాన్నీ వైరస్ ముక్కకు తగిలించి చూసింది కాదు.

సూక్ష్మదర్శిని: కానీ ఫ్లూ ఎం1 ప్రోటీన్ సంగతి ఉంది కదా? హెచ్‌ఎల్‌ఏ-ఏ2 (వైరస్ ముక్కను టి కణానికి చూపే ప్రోటీన్ రకం) ఉన్నవారిలో ఆ ముక్కను పట్టే కణాలు తీస్తే, వేర్వేరు మనుషుల సీడీఆర్3 నడుమ ఆర్జినిన్, సెరిన్ అనే అమైనో ఆమ్లాల జంట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అక్కడ జాడే రుచి చెబుతోంది.

ప్రయోగశాల బల్ల: ముందు రుచి చూసి, తర్వాత జాడ రాసుకున్నాం కాబట్టి. ఆ కణాలను వేరుచేసినదే ఎం1 ముక్కతో.

మొల్లపూలు: రుచి ‘చూసి’ అన్నారు చూడండి, నా సందేహం అక్కడే! తెలుగులో రుచినీ చూస్తాం. మొదటి పాదంలో పోలిక కంటిది, రెండో పాదంలో చూడటం నాలుకది. కంటితో ఎంత చూసినా ఉప్పూ కర్పూరమూ తెల్లగానే ఉంటాయి.

ఆటవెలది: ఒప్పుకోను. ‘చూడ చూడ’ ఆమ్రేడితం, ‘పోను పోను’ వంటిది. చూస్తూ ఉండగా క్రమంగా తెలియడం. నాలుకకైతే ఒక్కసారి చాలు, రెండోసారి ఎందుకు?

ప్రయోగశాల బల్ల: ఈ ఆమ్రేడితం నాకు నచ్చింది, ఒక్క చదువును మేము నమ్మం. డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్‌లో కొన్ని వి ముక్కలు అవసరానికి మించి పెరుగుతాయి, ఒక అక్షరం తప్పు పడితే లేని కణవంశం ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ఆదిలోనే ఒక్కో ఎంఆర్‌ఎన్‌ఏ అణువు ప్రతికి ఒక్కో చిన్న సంకేతం తగిలిస్తారు. ఒకే సంకేతంతో వచ్చిన చదువులన్నిటినీ పోల్చి ఒక్కటిగా లెక్కిస్తారు.

పాత పంతులు: మీరంతా రెండో పాదం దగ్గరే ఆగిపోయారు. వేమన చెప్పదలచిన మాట మూడో పాదంలో ఉంది: ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’. ఉప్పు, కప్పురం ఆ మాట కోసం వచ్చాయి. వ్యాసంలో పద్యం పూర్తిగా వేయండి, పిల్లలకు వేమన దక్కుతాడు.

సూక్ష్మదర్శిని: తప్పకుండా వేస్తాను మాస్టారూ. ప్రయోగశాల వారి అభ్యంతరం న్యాయమే కనుక శీర్షికలో ‘రుచుల’ తీసి ‘చూడ చూడ జాడ వేరు’ అంటాను.

ఆటవెలది: ఆ మూడు లఘువులు తీస్తే నగణం పోయి పాదం నాలుగు గణాలకు పడిపోతుంది. వేమన పాదాన్ని విరవకండి. శీర్షిక వేరేది వెతుక్కోండి.

మొల్లపూలు: ‘జాడ వేరు’ ఒక్కటే చాలదా? జాడ అంటే గుర్తే అని అందరూ ఒప్పుకుంటే.

పాత పంతులు: నేను ఒప్పుకోలేదు. ‘గప్పురంబు’ సంగతీ తేలలేదు. ఆటవెలది గారు అలా అచ్చయిన ప్రతి ఏదైనా చూపిస్తే మాట్లాడదాం.