పదో తరగతి పిల్లలకు వాదన తూచడం నేర్పాలంటే విడిగా పీరియడ్ కావాలా?

సోషల్ మాస్టారు:
జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) వచ్చాక సోషల్ పేపర్లో "పేరా చదివి వ్యాఖ్యానించండి" అనే ప్రశ్న మొదలైంది. పిల్లలు సొంతంగా ఆలోచించాలనే కదా అది పెట్టింది! ఇప్పుడు గైడులో దానికీ రెడీమేడ్ జవాబు ఉంది. పేరా ఏదైనా సరే, "ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి, ప్రజలు సహకరించాలి" అని రాసేస్తారు, మార్కులూ పడతాయి. అందుకే తొమ్మిది నుంచే వారానికో పీరియడ్ దీనికే ఇవ్వాలంటాను.

లెక్కల టీచర్:
వద్దు సర్. పీరియడ్ పెడితే పుస్తకం వస్తుంది, దాని వెనకే గైడు వస్తుంది. "తర్కదోషాలు ఎన్ని? అవి ఏవి?" అని నాలుగు మార్కుల ప్రశ్న తయారవుతుంది. తొమ్మిదో తరగతి లెక్కల్లో "గణితంలో నిరూపణలు" అని పాఠమే ఉంది. అది చివర్లో ఉందని వదిలేయకుండా సరిగ్గా చెబితే చాలు.

సోషల్ మాస్టారు:
మేడమ్, సిద్ధాంతం నిరూపిస్తే నిరూపించినట్టు, లేకపోతే లేదు. బయట వాదనలు అలా తేలవు. ఎంట్రన్స్ ఫలితాల మర్నాడు పేపర్లో వచ్చే ఫుల్ పేజీ యాడ్ తీసుకోండి. ర్యాంకులన్నీ నిజమే అనుకుందాం. "అందుకని మా దగ్గర చేరితే ర్యాంకు వస్తుంది" అన్నది ఎంత నిలుస్తుంది? ఎంతమంది చేరితే ఇంతమందికి వచ్చింది? వచ్చినవాళ్లను ముందే టెస్టు పెట్టి ఏరుకున్నారా? మా క్లాసులో ఈ యాడ్ ఇచ్చి, "నమ్మాలంటే ఇంకా ఏం తెలియాలి?" అని ఒక్కటే అడిగాను. గంట కొట్టినా ఆపలేదు. ఫొటోలు ఉన్నవాళ్ల గురించి కాదు, లేనివాళ్ల గురించే ఎక్కువ మాట్లాడారు.

పదో తరగతి అమ్మ:
మా వాడు ఇలాంటివన్నీ నెట్లో చూసి ఇప్పుడు దేన్నీ నమ్మడం లేదండి. డాక్టర్ మందు రాసినా "కమిషన్ కోసమే" అంటాడు. తప్పులు పట్టడం నేర్పితే ఇదే మిగులుతుందేమో.

పాలమూరు పిల్లోడు:
అక్కా, వాడు నేర్చుకున్నది సగమే. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని వాట్సాప్‌లో పుకార్లు వచ్చినప్పుడు మా గద్వాల వైపు సాయంత్రమైతే జనం బయటికి రాలేదు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు డప్పు, పాటలతో పోలీసుల్ని ఊళ్లలోకి పంపి చెప్పించారు. అప్పుడు దేశమంతా తిరిగిన ఒక వీడియో కరాచీలో పిల్లల భద్రత కోసం తీసింది. చివర్లో పిల్లాణ్ని తిరిగి దించేసి బోర్డు చూపిస్తారు. ఆ ముక్క కోసేశారు. "అన్నీ అబద్ధాలే" అనేవాడికి ఇక్కడ పని లేదు. వీడియో ఎక్కడిది, అది మన ఊరి గురించి ఏమైనా చెబుతోందా అని అడిగేవాడు కావాలి. మీవాణ్ని కూడా "కమిషన్ అని నీకెట్ల తెలుసు?" అని అడిగి చూడండి.

రిటైర్డ్ హెచ్ఎం:
డిబేట్ పోటీలు ఉన్నాయిగా.

సోషల్ మాస్టారు:
సర్, అక్కడ పిల్లవాడికి పక్షం మనమే ఇస్తాం, గెలవమంటాం. ఎదుటివాడి మాటలో బలముందని ఒప్పుకుంటే కప్పు పోతుంది. నాకు కావలసింది ఆ ఒప్పుకోవడమే.

లెక్కల టీచర్:
యాడ్ క్లాసు నాకూ నచ్చింది. కానీ పరీక్షలో పెడితే దిద్దేదెవరు? స్పాట్ వాల్యుయేషన్‌లో జవాబుల కీ చేతిలో పెట్టుకుని కూర్చుంటాం, కీలో లేని జవాబుకు మార్కు వేసే ధైర్యం ఎంతమందికి ఉంది? మార్కులు లేకుండా నడపమంటారా, ప్రీ ఫైనల్స్ ముందు సిలబస్ మిగిలిందని ఆ పీరియడ్ ఇమ్మని మిమ్మల్ని మొదట అడిగేది నేనే.