పదో తరగతి ఉత్తీర్ణతా శాతం బడి పనితీరుకు కొలత అవుతుందా?

ప్రశ్న: గణితం ఉపాధ్యాయురాలు, ఆదోని ప్రాంతం

అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదమూడేళ్లుగా గణితం బోధిస్తున్నాను. ఈసారి పదో తరగతి ఫలితాల మీద జరిగిన సమీక్షలో మా బడి పేరును జాబితా అట్టడుగున చదివారు. పైన ఒక గురుకులం, దాని వెనుక పట్టణంలోని రెండు ప్రైవేటు బడులు ఉన్నాయి. అందరూ రాసింది ఒకే ప్రశ్నపత్రం, దిద్దింది ఒకే పద్ధతిలో, ఇక అన్యాయం ఎక్కడుందని ఒకరు అడిగారు. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర సమాధానం లేకపోయింది. అప్పటి నుంచి అది నన్ను వదలడం లేదు.

మా ఊళ్ల సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. పత్తి తీత మొదలైందంటే కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలి పనులకు బయలుదేరతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లినవారు ఉగాది దగ్గరపడితే గాని ఇల్లు చేరరు. వలస వెళ్లినవారి పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ ఉన్నచోట కొందరు పిల్లలు నిలుస్తారు గాని, పసివాళ్లను ఎత్తుకొని చేను గట్టున కూర్చోవలసిన ఆడపిల్లలు నిలవలేరు. హాజరుపట్టీలో కొన్ని పేర్లకు ఎదురుగా నెలల తరబడి గైర్హాజరే ఉంటుంది. ఆ పిల్లలే మార్చిలో పరీక్షకు కూర్చుంటారు.

బడి చేసిన పనిని, ఇంటి పరిస్థితి వల్ల వచ్చే తేడాను విడదీసి చూసే పద్ధతి ఏదైనా ఉన్నదా? మన ప్రాంతంలో జరిగిన పరిశోధనలు దీని గురించి ఏం చెబుతున్నాయి? సాకు వెతుక్కోవడానికి అడగడం లేదు. మా వల్ల జరిగే తప్పు ఎంత, మా చేతిలో లేనిది ఎంత అన్నది తెలుసుకోవాలని అడుగుతున్నాను.

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, కడప

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు చాలా పెద్ద చరిత్ర ఉంది. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ ఆధ్వర్యంలో ఆరు లక్షలకు పైగా విద్యార్థుల మీద ఒక అధ్యయనం జరిగింది. బడికి పెట్టే ఖర్చులో, వసతుల్లో ఉన్న తేడాల కన్నా పిల్లవాడి కుటుంబ నేపథ్యంలోని తేడాలే మార్కుల్లో ఎక్కువగా కనిపిస్తున్నాయని అది చెప్పింది. దాన్ని పట్టుకొని బడి వల్ల ఏమీ కాదని తేల్చేసినవారు ఉన్నారు, అది తప్పు. ఏ బడికి ఏ పిల్లలు వస్తున్నారో చూడకుండా చివరి మార్కులను మాత్రమే పోల్చితే, మనం బడిని కాకుండా ఇళ్లను కొలుస్తున్నట్టు అవుతుందన్నదే అందులో మనకు పనికివచ్చే పాఠం.

మీ జాబితానే చూడండి. గురుకులం ఐదో తరగతిలో ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను తీసుకుంటుంది, అక్కడే ఉంచుకొని ఉదయం, సాయంత్రం చదివిస్తుంది. అక్కడి ఉపాధ్యాయుల కృషిని నేను తక్కువ చేయడం లేదు, కాని వారు మొదలుపెట్టిన మెట్టు వేరు, మీరు మొదలుపెట్టిన మెట్టు వేరు.

ఉత్తీర్ణతా శాతంలో ఇంకో లోపం ఉంది, దాన్ని ఎందుకో ఎవరూ పట్టించుకోరు. గణితంలో ఉత్తీర్ణతకు 35 మార్కులు గీత. 8 మార్కులు తెచ్చుకునే స్థితిలో ఉన్న పిల్లవాడిని మీరు ఏడాదంతా కష్టపడి 30కి తెచ్చినా ఆ శాతం కొంచెం కూడా కదలదు. 33 దగ్గర ఉన్నవాడిని 36కి తోస్తే కదులుతుంది. అందువల్ల శాతం మీదే దృష్టి పెట్టిన బడిలో గీతకు దగ్గరగా ఉన్న పిల్లలకు ప్రత్యేక తరగతులు, మిగిలిన వారికి వెనక బెంచీలు దక్కుతాయి. పైగా ఆ శాతాన్ని పరీక్షకు హాజరైన వారిలో లెక్కిస్తారు. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన అమ్మాయి ఏ లెక్కలోనూ ఉండదు.

సమాధానం: అర్థశాస్త్ర పరిశోధక విద్యార్థి, అనంతపురం

మేడం, మన దగ్గర జరిగిన పరిశోధన అన్నారు కాబట్టి మూడు అధ్యయనాల గురించి చెబుతాను. ప్రపంచంలో విద్యా పరిశోధకులు ఎక్కువగా ఉదహరించే ఊళ్లలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఊళ్లు ఉన్నాయన్న సంగతి మన ఉపాధ్యాయులకే తెలియకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

మొదటిది కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసింది. 2008లో మొదలై, ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో నాలుగేళ్లు నడిచింది. ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి లాటరీ తీసి, ప్రైవేటు బడిలో ఉచితంగా చదువుకునే వోచర్లు ఇచ్చారు. లాటరీ వల్ల వచ్చే ప్రయోజనం ఏమిటంటే, వోచర్ దక్కినవారికీ దక్కనివారికీ కుటుంబ స్థితిలో సగటున తేడా ఉండదు. కాబట్టి తర్వాత కనిపించే తేడా బడిదే అవుతుంది. ప్రైవేటు బడుల సగటు మార్కులు మామూలుగా చూస్తే ఎక్కువే, కాని లాటరీలో ఎంపికైన పిల్లలను నాలుగేళ్ల తర్వాత పరీక్షిస్తే తెలుగులో, గణితంలో వారికి అదనంగా ఒరిగింది కనిపించలేదు. హిందీలో మాత్రం స్పష్టంగా ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకు, గణితానికి తక్కువ గంటలు కేటాయించాయని, ఒక్కో పిల్లవాడి మీద ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువతో నడిచాయని కూడా తేలింది. ఇది మన రెండు పక్షాలకూ ఇబ్బంది కలిగించే ఫలితమే. ప్రైవేటు గొప్ప అనేవారి వాదన నిలవదు, ఖర్చు పెంచితే చదువు దానంతట అదే వస్తుందనే మన వాదన కూడా నిలవదు.

రెండోది ప్రభుత్వ బడులకు నేరుగా నిధులిచ్చి చూసిన అధ్యయనం. మొదటి ఏడాది నిధులు అనుకోకుండా వచ్చాయి, మార్కులు పెరిగాయి. రెండో ఏడాది నిధులు వస్తాయని ముందే తెలియడంతో తల్లిదండ్రులు తాము కొనే పుస్తకాలు, పలకల ఖర్చు తగ్గించుకున్నారు, మార్కుల్లో పెరుగుదల కనిపించలేదు. పేద కుటుంబం చేతిలోని ప్రతి రూపాయికీ వేరే అవసరం కాచుకొని ఉంటుంది కాబట్టి వారిని నిందించడానికి ఏమీ లేదు. బడికి ఇచ్చినదాని ఫలితం బడిలోనే కాక ఇంట్లో కూడా తేలుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

మూడోది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని యంగ్ లైవ్స్. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన రాష్ట్రంలో 2002 నుంచి మూడు వేల మంది పిల్లల జీవితాలను ఏళ్ల తరబడి అనుసరిస్తూ వచ్చింది. దాని జిల్లాల్లో మన అనంతపురం, కడప ఉన్నాయి. ప్రైవేటు బడులకు వెళ్లే పిల్లల సంఖ్య వేగంగా పెరిగిందని, ఆ అవకాశం అబ్బాయిలకు దక్కినంతగా అమ్మాయిలకు దక్కలేదని అది చూపింది. పసితనంలో పోషకాహారం అందక ఎదుగుదల తగ్గిన పిల్లలు తర్వాతి పరీక్షల్లోనూ వెనకబడి ఉన్నారని కూడా చూపింది. అంటే మీ ఆరో తరగతి గదికి వచ్చేసరికే ఆ వెనకబాటుకు పదేళ్ల వయసు ఉంటుంది.

సమాధానం: ఒక తండ్రి, కళ్యాణదుర్గం వైపు

నేను ఉపాధ్యాయుడిని కాను, వేరుశనగ రైతును. పై సమాధానంలో అమ్మాయిల గురించి రాసిన వాక్యం చదివి ఈ మాట రాయాలనిపించింది. మా అబ్బాయిని బస్సు వచ్చే ప్రైవేటు బడిలో చేర్చాను, అమ్మాయి ఊరి బడిలోనే చదివింది. వానలు లేని ఏడాది ఒకరికే ఫీజు కట్టగలిగాను, ఎవరికి కట్టాలన్న ప్రశ్న ఆ రోజు మా ఇంట్లో రాలేదు, అది ముందే తేలిపోయినట్టు ఉండింది. లెక్కల్లో మా అమ్మాయే చురుకైనది. ఇలాంటి నిర్ణయాలు ఇళ్లలో జరిగిన తర్వాతే పిల్లలు మీ దగ్గరికి వస్తారు. కాబట్టి మీ బడి జాబితా అడుగున ఉంటే అందులో మా పాలు కూడా ఉంది, మేడం.

సమాధానం: ప్రధానోపాధ్యాయుడు, ప్రొద్దుటూరు దగ్గర

అందరూ రాసినది శ్రద్ధగా చదివాను. ఒక్క విషయంలో నాకు భయం ఉంది. పిల్లల నేపథ్యం అనే మాట ఉపాధ్యాయుల గదిలోకి వచ్చిన తర్వాత చాలాసార్లు అది తలుపు మూసేసే మాట అవుతుంది. ఈ పిల్లలకు ఇంతే వస్తుందని ఒకసారి అనుకున్నాక మన ప్రశ్నలు తేలికవుతాయి, నోటు పుస్తకాలు దిద్దడం తగ్గుతుంది, అది పిల్లలకు తెలిసిపోతుంది. 2003లో దేశంలో ముందుగా చెప్పకుండా బడులకు వెళ్లి చూసిన సర్వేలో ప్రభుత్వ ప్రాథమిక బడుల ఉపాధ్యాయుల్లో నలుగురిలో ఒకరు బడిలో లేరని తేలింది. అది పిల్లల నేపథ్యం కాదు గదా.

అందుకే కొలత వద్దనకండి, మంచి కొలత అడగండి. జూన్‌లో బడి తెరిచాక ప్రతి పిల్లవాడు ఎక్కడున్నాడో చూడండి. గ్రామీణ పిల్లలు ఎంత చదవగలరో, లెక్కలు చేయగలరో చూసే అసర్ సర్వేలో వాడే తెలుగు పఠన పత్రం, తీసివేత, భాగహారం లెక్కలు ఒక్కో పిల్లవాడికి కొద్ది నిమిషాల్లో అయిపోతాయి. 2024 సర్వేలో గ్రామీణ భారతదేశంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 48.8 శాతమే కాబట్టి, మీ పిల్లలు మాత్రమే అలా ఉన్నారని కుంగిపోనక్కర లేదు. మళ్లీ ఫిబ్రవరిలో అదే స్థాయి పత్రంతో చూడండి. ఒకే మెట్టు నుంచి మొదలైన పిల్లల్లో హాజరైనవారు, సుగ్గికి వెళ్లి వచ్చినవారు ఎంతెంత ఎక్కారో విడిగా రాసి పెట్టండి. ఒక హెచ్చరిక కూడా. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు ముగ్గురి వల్లే శాతం ఎంతో మారిపోతుంది. చిన్న బడులు ఒక ఏడాది పైన, మరుసటి ఏడాది అడుగున కనిపించడానికి ఇదే కారణం, కాబట్టి మూడేళ్ల లెక్క కలిపి చూస్తే తప్ప ఏదీ తేల్చకండి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు

అందరికీ కృతజ్ఞతలు. ప్రధానోపాధ్యాయులు గారి మాట నాకు గట్టిగా తగిలింది, తగలవలసిందే. వెనక బెంచీల సంగతి నిజంగా మా బడిలో ఉంది. జనవరి నుంచి గీతకు దగ్గరగా ఉన్న పద్నాలుగు మందితో సాయంత్రం తరగతులు నడిపింది నేనే, సుగ్గి నుంచి తిరిగి వచ్చిన పిల్లలను అందులో కూర్చోబెట్టలేదు.

ఆరో తరగతితో మొదలుపెడుతున్నాను. మొదటి వారంలోనే భాగహారం, తెలుగు పఠనం చూసి పేరుపేరునా రాస్తాను. ఏ ఇల్లు ఏ నెలలో బయలుదేరుతుందో, ఏ నెలలో తిరిగి వస్తుందో తల్లులను అడిగి పక్కన మరో గడిలో రాస్తాను. తిరిగి వచ్చిన పిల్లలకు పోయిన నెలల పాఠాలు కాకుండా, వారు ఆగిపోయిన మెట్టు నుంచే చెప్పడానికి ఉదయం మొదటి పీరియడు ఇవ్వమని మా ప్రధానోపాధ్యాయురాలిని అడిగాను, ఆమె ఒప్పుకున్నారు. కళ్యాణదుర్గం అన్నగారూ, మీ అమ్మాయి ఇప్పుడు ఏ తరగతిలో ఉంది? వీలైతే చెప్పండి. లెక్కల్లో ఆమెకు ఏదైనా సందేహం ఉంటే ఇక్కడే రాయమనండి, నేను సమాధానం ఇస్తాను.